గంజిలో కనిపించిన అల

ఆయన గొంతు ఎలా ఉండేదో నాకు సరిగ్గా తెలియదు.

మొన్న ఆఫీసు గ్రూపులో ఆయన ఫొటో వచ్చినప్పుడు ఎవరో అనుకున్నాను. చేతిలో మైకు, బాగా తెరుచుకున్న నోరు, మెడ మీద ఉబ్బిన నరాలు, వెనక నల్లబల్ల. కింద మెసేజ్ చదివాక గానీ అది మా జువాలజీ సార్ అని అర్థం కాలేదు. పొద్దున నడకకి వెళ్ళొచ్చి కుర్చీలో కూర్చున్నవారు అలాగే పోయారట. దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. ఆ గొంతు పై అంతస్తులో మొదలైతే బందరు రోడ్డు మీదికి వినపడేదని ఒకరు రాశారు. సింహం అని ఇంకొకరు. నేను ఫోను పట్టుకుని ఆ సింహం ఎవరా అని చూస్తూ ఉండిపోయాను. నాకు తెలిసిన మనిషి నోరు తెరిచేది టీ తాగడానికి మాత్రమే.

నేను పటమటలో ఒక ఇంటర్ కాలేజీ వాళ్ళ స్టూడియోలో యానిమేషన్ చేస్తాను. బైపీసీ పిల్లల కోసం పాఠాలన్నిటినీ బొమ్మలుగా చేసి యాప్‌లో పెడతారు. ఆయన్ని మా దగ్గరికి తీసుకొచ్చిన రోజు డీన్ గారు నన్ను పక్కకి పిలిచి చెప్పారు.

"సార్‌కి గొంతు పోయిందమ్మా. ఏళ్ళ తరబడి మైకులో అరిచి అరిచి లోపల కాయలు కాశాయంట. డాక్టరు మాట్లాడొద్దన్నాడు. ఇంక క్లాసెట్టా చెప్తారు? మీ బొమ్మలు సరిచూస్తారని ఇక్కడ కూర్చోబెడుతున్నాం. ఈ ఏడాదికి చూద్దాం."

"మాట్లాడకుండా ఎట్టా సరిచూస్తారు సార్?"

"నువ్వు మాట్లాడతావుగా ఇద్దరికీ సరిపడా" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయారు.

డాక్టరు పూర్తిగా మౌనం అనలేదు, పొదుపు అన్నాడు. గుసగుసలాడితే గొంతుకి ఇంకా చేటు కాబట్టి అది కూడా వద్దన్నాడు. మా నాన్న ఇంట్లో ఏసీ రిమోట్‌ని ఎలా చూస్తాడో సార్ మాటల్ని అలా చూసేవారు. రోజుకి ఇన్ని అని మనసులో ఏదో లెక్క ఉండేది కాబోలు. అయితే వాటిని దేనికి ఖర్చు పెడతారో మాకు ఎప్పుడూ అంతు పట్టలేదు. గంటసేపు నేను చేసిన బొమ్మ చూసి ఒక్క ముక్క అనేవారు కాదు. టీ తెచ్చిన అతనితో మాత్రం, "ఈ అల్లం నిన్నటిది కదూ?" అనేవారు. ఆ గొంతు తలుపు కింద నుంచి కాగితం జరుగుతున్నట్టు ఉండేది. అందరం తిరిగి చూసేవాళ్ళం. ఇవాళ్టి మాటలు అల్లానికి పోయాయని నా పక్క సీటు సునీత గొణిగేది.

మిగిలిందంతా చేతులే. గోటితో టేబుల్ మీద ఒక్కసారి కొడితే తప్పు. చెవి లాక్కుంటే అనుమానం. బొటనవేలు భుజం మీదుగా వెనక్కి చూపిస్తే మళ్ళీ మొదటి నుంచి చెయ్యమని. అరచేతిని గాలిలో అటూ ఇటూ ఊపేది ఒకటి ఉండేది. అది చాలు అనా, ఇంకా కావాలి అనా, పోనీలే అనా, ఎప్పుడూ తేలలేదు. నేను ఒకసారి చాలనుకుని ఆపేశాను, టేబుల్ మీద గోరు పడింది. ఇంకోసారి కావాలేమోనని పొడిగించాను, అప్పుడూ గోరే పడింది.

మా మొదటి గొడవ పారమీసియం గురించి.

మురుగు నీళ్ళలో ఉండే ఏకకణ జీవి అది. కంటికి కనపడదు. చెప్పు అడుగు ఆకారంలో ఉంటుంది. కాళ్ళు లేవు, రెక్కలు లేవు. ఒళ్ళంతా సన్నటి వెంట్రుకల్లాంటివి ఉంటాయి, శైలికలు అంటారు. అవి కొట్టుకుంటుంటే అది ఈదుతుంది. నాకిచ్చిన స్క్రిప్టులో ఇంతే ఉంది. నేను శైలికలన్నిటినీ పడవ తెడ్లలాగా ఒకేసారి ఎత్తి ఒకేసారి దించాను. చూడ్డానికి భలే వచ్చింది. వెనకాల మ్యూజిక్ కూడా పెట్టాను.

గోరు పడింది.

"ఏం తప్పు సార్?"

బొటనవేలు వెనక్కి.

"మొదట్నించా? రెండు రోజుల పని సార్ ఇది! ఏం తప్పో చెప్పకుండా మళ్ళీ చెయ్యమంటే ఎట్టా?"

ఆయన లేచి, గదిలో ఉన్నవాళ్ళందరినీ గోడ పక్కన వరసగా నిలబెట్టారు. నన్ను, సునీతని, కెమెరా అతన్ని, ఏదో బిల్లు మీద సంతకం కోసం వచ్చిన అకౌంట్స్ ఆవిడని కూడా. అందరి కుడి చేతులూ పైకెత్తించారు. మొదటి మనిషి చెయ్యి పట్టుకుని గట్టిగా కిందికి దించారు. అది సగం దిగాక రెండో మనిషిది. అది సగం దిగాక మూడోది. ఎవరూ పక్కవాళ్ళతో కలవకూడదు, పక్కవాళ్ళని వదలకూడదు. అకౌంట్స్ ఆవిడ ముందే దించేసింది, సునీత నవ్వాపుకోలేక గోడకి ఆనుకుంది. మళ్ళీ, మళ్ళీ చేయించారు. కాసేపటికి మా చేతుల మీదుగా ఒక అల పోయింది. అది నిజంగా పోయింది. ఎవరమూ అడుగు కదపకుండా అక్కడే నిలబడ్డాం, అయినా ఏదో మా మీదుగా ఈ చివర నుంచి ఆ చివరికి నడిచి వెళ్ళింది.

అప్పుడు ఆయన ఖర్చు పెట్టారు.

"కొట్టేటప్పుడు కర్ర. తిరిగొచ్చేటప్పుడు తాడు."

శైలిక నీటిని నెట్టేటప్పుడు నిటారుగా బిగుసుకుంటుంది, వెనక్కి వచ్చేటప్పుడు మెత్తగా వంగి ఒంటికి ఆనుకుని వస్తుంది. కర్రతో ముందుకి పోతుంది, తాడు వల్ల ఆ పోయిన దూరం మళ్ళీ వెనక్కి జారకుండా ఉంటుంది. ఈ మాట ఆయన దగ్గర చదివిన ప్రతి బ్యాచికీ కంఠతా వచ్చని తర్వాత తెలిసింది. మైకులో చెప్పేటప్పుడు పిల్లలంతా కర్ర అని అరిచేవారట. మేము అరవలేదు.

అది సరి చేశాక ఇంకోటి వచ్చింది. నా పారమీసియం ఈదుతూ వచ్చి మెల్లగా జారుతూ ఆగేది. బండి బ్రేకు వేసినట్టు. యానిమేషన్‌లో ఏదైనా అలాగే ఆపుతాం, లేకపోతే చచ్చినట్టుంటుంది. మళ్ళీ గోరు.

"సార్, ఏది ఆగినా కొంచెం జారి ఆగుద్ది. కారైనా అంతే, మనిషైనా అంతే."

ఆయన టీ గ్లాసు అడుగున మిగిలిన చక్కెర పాకం వైపు చూపించారు. అందులో చెంచా పెట్టి తిప్పి వదిలారు. చెంచా అక్కడే నిలబడిపోయింది.

"దాని సైజుకి నీళ్ళు ఇంతే. కొట్టడం ఆపితే ఆగిపోతుంది. వెంట్రుకవాసి కూడా జారదు."

నాకు ఒళ్ళు మండింది. ఒప్పుకోవాల్సి వచ్చినందుకు మండింది. ఆ రాత్రి సిరీస్ చూస్తూ పది నిమిషాలకోసారి ఆపి, ఆ జీవి సంగతే ఫోనులో వెతికాను.

అలా వెతుకుతుంటేనే నాకు బాణం మీద అనుమానం వచ్చింది.

మా కాలేజీలో టెక్స్టుబుక్ అమ్మానాన్నలకి చూపించడానికి, పిల్లలు చదివేది మెటీరియల్. కాలేజీ వాళ్ళే అచ్చు వేసే పుస్తకాలు. అందులో పారమీసియం బొమ్మ ఈయన చేత్తో గీసింది. ఒంటి మీద పెద్ద బాణం ఉంటుంది, తల నుంచి తోక వైపుకి. శైలికల అల ఇటు నుంచి అటు పోతుందని దాని అర్థం. అన్ని బ్రాంచీల్లోనూ అదే బొమ్మ, అదే బాణం. గ్రాండ్ టెస్టులో దాని మీద తప్పకుండా ఒక ప్రశ్న. కానీ నా ఫోనులో దొరికిన వీడియోల్లో అల ఒక్కోదాంట్లో ఒక్కో వైపుకి పోతోంది. ఒకదాంట్లో వెనక్కి, ఒకదాంట్లో అడ్డంగా, ఒకదాంట్లో నిలబడిపోయి ఉంది.

మర్నాడు ఆయన ముందు మెటీరియల్ తెరిచి పెట్టాను. "సార్, ఈ బాణం కరెక్టేనా?"

ఆయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. కోపం కాదు. గుండె మీద వేలు పెట్టుకున్నారు. ఆ రోజు వాటా మొత్తం అక్కడే ఖర్చు పెట్టారు.

"అందరూ పుస్తకాల్లోంచి ఎత్తి రాశారు. నేను చూసి గీశాను."

"అయితే నేనూ చూసి వేస్తాను. చూపించండి."

నేను దెబ్బలాటకే అన్నాను. ఆయన మొహం పెళ్ళికి పిలిచినట్టు వెలిగిపోయింది.

పారమీసియం కావాలంటే వరిగడ్డిని కాలవ నీళ్ళలో నానబెట్టి వదిలెయ్యాలి. నేను పుట్టి పెరిగింది పటమట అపార్టుమెంట్లలో, గడ్డి ఎక్కడ దొరుకుతుందో తెలియదు. ఫోనులో ఆర్డరు పెట్టాను. కుందేళ్ళకి వేసే గడ్డి వచ్చింది, రంగుల ప్యాకెట్లో, మీద కుందేలు బొమ్మతో. ఆయన ప్యాకెట్ విప్పి వాసన చూసి, నా వైపు చూసి, కళ్ళు మూసుకుని చాలాసేపు భుజాలు కదిలించారు. ఏడుస్తున్నారేమోనని భయపడ్డాను. నవ్వడం అలా ఉంటుందన్నమాట. మర్నాడు ఉయ్యూరులో తన ఇంటి నుంచి వస్తూ దారిలో ఏ పొలం గట్టు మీదో ఆగి, స్కూటర్ డిక్కీ నిండా గడ్డి తెచ్చారు. బందరు కాలవ నీళ్ళు ఒక సీసాడు. పచ్చడి జాడీలో రెండూ కలిపి ఏసీ రూములో నా సీటు కింద పెట్టారు. వారం తిరిగేసరికి గదంతా కంపు.

"చెరువు తెచ్చి ఆఫీసులో పెట్టారేంటే మీరిద్దరూ?" అని సునీత ముక్కుకి చున్నీ కట్టుకుంది.

మైక్రోస్కోపు కాలేజీ ల్యాబులోది. ఆ ల్యాబు ప్రాక్టికల్ పరీక్షలకి ముందు తప్ప తెరవరు. తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోవడానికే ఒక పూట పట్టింది.

మొదటి చుక్కలో నాకు ఏమీ అర్థం కాలేదు. బూడిదరంగు మచ్చలు సర్రున వచ్చి సర్రున పోతున్నాయి. ఒకటి గడ్డి పీచుకి గుద్దుకుని, వెనక్కి వచ్చి, కాస్త పక్కకి తిరిగి, మళ్ళీ అదే గుద్దుడు. పీచు దాటేదాకా అంతే. వీటి ఒంటి మీద అల ఎక్కడ చూడాలి? సార్ చెయ్యెత్తి ఆగమన్నారు. తన సంచిలోంచి చిన్న స్టీలు డబ్బా తీశారు. అందులో పల్చటి సగ్గుబియ్యం గంజి, ఇంటి నుంచి తెచ్చారు. ఒక బొట్టు కలిపారు.

అవి నెమ్మదించాయి. ఒకటి నా కంటి ముందే బద్ధకంగా కదులుతోంది. దాని అంచు మీద సన్నటి అల, తల నుంచి తోక వైపుకి, మెటీరియల్‌లో ఉన్నట్టే. ఆయన నా మొహం చూస్తున్నారు. నేను తలెత్తి, "సరే సార్, మీదే రైటు" అన్నాను. ఆయన అరచెయ్యి అటూ ఇటూ ఊపారు.

అక్కడితో ఆగిపోవాల్సింది. కానీ నాకు వీడియో కావాలి. గంజి లేకుండా, మామూలు నీళ్ళలో, స్పీడుగా ఉన్నప్పుడు ఎలా ఉంటుందో బొమ్మకి కావాలి. కొత్త చుక్కలో దూదిపోగులు వేశాను, వాటి మధ్య ఒకటి ఇరుక్కుంది. ఫోనుని కంటి దగ్గరి గొట్టానికి ఆనించి తీశాను. మామూలు వీడియోలో అల నిలబడిపోయినట్టుంది. ఫ్యాను రెక్కలు వీడియోలో వెనక్కి తిరుగుతున్నట్టు కనిపిస్తాయే, అలాంటి మోసమే అది, శైలికలు కెమెరా కంటే చురుకు. అప్పుడు స్లోమోషన్ పెట్టాను. పెళ్ళిలో తలంబ్రాలు పడుతుంటే తీస్తారే, అది.

తీసింది వేసి చూశాం.

శైలికలు కర్రలా వెనక్కే కొడుతున్నాయి. అల మాత్రం వెనక్కి పోవడం లేదు. ఒంటి మీద ఏటవాలుగా, ముందు వైపుకి పాకుతోంది.

"సార్, ఫోనే తప్పు చూపిస్తుందేమో" అన్నాను. నాకు నిజంగా తెలియలేదు. ఇందాకటి వీడియో అబద్ధమైతే ఇది మాత్రం నిజమని నమ్మకమేంటి? శైలిక ఒక వైపుకి కొడుతోంది, జీవి ఇంకో వైపుకి పోతోంది, అల వీటి రెండింటితో సంబంధం లేకుండా అడ్డంగా నడుస్తోంది. నా తల తిరిగింది.

ఆయన ఫోను తీసుకుని మళ్ళీ వేశారు. మళ్ళీ వేశారు. చెవి లాక్కున్నారు. లేచి, అదే స్లైడు అంచున గంజి బొట్టు పెట్టి, నన్ను తియ్యమన్నారు. గంజి మెల్లగా లోపలికి ఇంకుతోంది. దూదిలో ఇరుక్కున్న ఆ జీవి దగ్గరికి అది చేరింది. చూస్తుండగానే అల దారి మారింది. ముందుకి పాకుతున్నది కొంచెం కొంచెంగా పక్కకి మళ్ళి, చివరికి తోక వైపుకి తిరిగింది.

ఆయన కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టారు.

"గంజి" అన్నారు.

చూడాలంటే దాన్ని నెమ్మది చెయ్యాలి. నెమ్మది చేస్తే అది మారిపోతోంది. ఎప్పుడో కుర్రతనంలో ఈయన గంజి వేసి చూశారు, చూసింది చూసినట్టు గీశారు.

నాకు ఓదార్చడం రాదు. అయినా ప్రయత్నించాను. "మీరు చూసింది అబద్ధం కాదుగా సార్. గంజిలో అది అట్టాగే ఉంది."

"అది గంజిలో బతకదు కదమ్మా" అన్నారు.

ఆ రోజు నుంచి ఆయనకి ఒకటే పని. వేసవిలో కొత్త మెటీరియల్ అచ్చుకి వెళ్తుంది. ఈలోపు ఆ బాణం తిరగాలి. మా వీడియోలోనూ తిరగాలి. ఆయన ఉద్యోగం కూడా వేసవి దాకానే అని మాకందరికీ తెలుసు, ఆయనకీ తెలుసు. డీన్ గారి గది బయట కుర్చీలో కూర్చునేవారు. లోపలికి పిలవకపోతే లేచి వెళ్ళిపోయి, మర్నాడు కాస్త ముందుగా వచ్చి, ఇంకో కుర్చీలో కూర్చునేవారు. చివరికి ఒకరోజు పిలిచారు. మాట్లాడటానికి నన్ను తీసుకెళ్ళారు.

నేను ఫోనులో రెండు వీడియోలూ చూపించి అంతా చెప్పాను. డీన్ గారు ఓపిగ్గానే చూశారు.

"బావుందండీ. చాలా బావుంది. కానీ బాణం మార్చలేం సార్."

"ఎందుకు మార్చలేరు?" అన్నాను.

"అమ్మా, అన్ని బ్రాంచీల్లో సెకండియర్ పిల్లలు ఇదే చదివారు. పాత కీ పేపర్లన్నీ ఇట్టాగే ఉన్నాయి. ఇప్పుడు తప్పంటే, ఇన్నేళ్ళూ మార్కులు పోయినోళ్ళు వచ్చి గేటు దగ్గర కూర్చుంటారు. పిల్లల్ని కన్ఫ్యూజ్ చెయ్యకూడదు సార్, మీకు నేను చెప్పాలా?"

సార్ గొంతు సవరించుకున్నారు. "నేను చూసింది గంజిలోనండీ."

"గంజో, నీళ్ళో... సార్, ఎవరు చూస్తున్నారండీ అంత లోతుకి?"

నాకు ఆగలేదు. "అదే కదా సార్ కాలేజీ అంటే! చూడ్డానికే కదా! ల్యాబుకి తాళమేసి, తప్పు బాణం అచ్చేసి, దాన్ని బట్టీ పట్టించి, ఫీజులు..." ఇంకా ఏవో అన్నాను. సార్ చెయ్యి నా మోచేతి మీద పడింది. బయటికి లాక్కొచ్చారు.

"మీ కోసమే కదా సార్ నేను అరుస్తున్నా!"

"అరవకు" అన్నారు. "గొంతు పోతుంది."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆయన భుజాలు మాత్రం కదిలాయి.

వీడియో పెండింగులో పడింది. మెటీరియల్ పాత బాణంతోనే అచ్చుకి వెళ్ళింది. వేసవి రాగానే ఆయన్ని ఇంక రావక్కర్లేదన్నారు. చివరి రోజు లిఫ్టు తలుపు మూసుకుంటుండగా నా వైపు తిరిగి అరచేతిని అటూ ఇటూ ఊపారు. వద్దు అనా, వస్తాను అనా? ఫోనులో అడుగుదామనుకుని నంబరు తీసి, మాట్లాడని మనిషికి ఫోనేంటి అని ఆపేశాను. మెసేజ్ పెట్టాలని తోచకపోవడం ఏంటో నాకే అర్థం కాదు, రోజంతా చేసేది అదే కదా.

ఆయన పోయారని తెలిశాక ఉయ్యూరు వెళ్ళాను. వాళ్ళది తాతల నుంచీ పంతుళ్ళ కుటుంబం. సార్ భార్య నన్ను చూడగానే గుర్తుపట్టారు. "ఫోను అమ్మాయివి నువ్వేనా" అన్నారు. కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చుని, ఒక ప్రశ్న అడగడానికి చాలాసేపు తటపటాయించారు.

"ఆఫీసులో మీతో బాగా మాట్లాడేవారా అమ్మా?"

"లేదాంటీ. రోజుకి ఓ నాలుగు ముక్కలు. ఇంటికి దాచుకుంటున్నారని అనుకునేవాళ్ళం."

ఆవిడ చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. "ఇంట్లో అసలు మాట్లాడేవారే కాదు. అడిగితే ఆఫీసులో కావాలి అన్నట్టు సైగ చేసేవారు. మీకోసం దాస్తున్నారులే అని నేను సర్దుకున్నాను."

మరి ఆ మాటలన్నీ ఎటు పోయాయి? ఆవిడకీ తెలియదు, నాకూ తెలియదు.

"ఆంటీ, చెయ్యి ఇలా ఊపేవారు కదా" అని చేసి చూపించాను. "దానర్థం ఏంటి?"

"అదా? ఇంకొంచెం మజ్జిగ పొయ్యమని" అన్నారు ఆవిడ. అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నవ్వా, ఏడుపా అని ఈసారి కూడా చెప్పలేను.

బస్సులో తిరిగొస్తుండగా డీన్ గారి ఫోను.

"అమ్మా, రేపు సార్ సంతాప సభ. గేటు దగ్గర ఫ్లెక్సీ పెడుతున్నాం. నువ్వే డిజైన్ చెయ్యాలి. మైకుతో ఉన్న ఫొటో ఒక పక్క. ఇంకో పక్క మెటీరియల్‌లో సార్ గీసిన పారమీసియం బొమ్మ పెద్దది చేసి పెట్టు. అదేగా సార్ గుర్తు."

"బాణంతోనా సార్?"

"బాణం లేకుండా ఎట్టా? పిల్లలకి సార్ అంటే ఆ బాణమే కదమ్మా."

ఆయన గొంతులో వెటకారం లేదు. నిజంగానే బాధపడుతున్నారు. అందుకే నేను అరవలేదు.

ఆఫీసుకి వచ్చి సిస్టం ముందు కూర్చున్నాను. బొమ్మ స్కాన్ చేశాను. ఆయన చేతి గీత, బాణం కొన దగ్గర పెన్ను నొక్కిపెట్టిన మచ్చ కూడా ఉంది. సునీత వచ్చి నిలబడింది. తిప్పుదామనుకుంటున్నానని చెప్పాను.

"పోయినాయన బొమ్మలో చెయ్యి పెడతావా? ఉన్నన్నాళ్ళూ చూసి గీశాను చూసి గీశాను అనుకున్నాడు. పోయాకన్నా ఆ పేరు ఉండనీ."

"ఆయనకి అది తిరగాలని ఉంది."

"నీకు చెప్పాడా?"

చెప్పలేదు. నాకు చెప్పింది, అది గంజిలో బతకదు అని. అంతే. లిఫ్టు దగ్గర ఊపిన చేతికి అర్థం వద్దు అయితే నేను చేస్తున్నది తప్పు. ఇంకొంచెం మజ్జిగ అయితే ఏంటో నాకు తెలియదు. చివరికి బాణాన్ని కత్తిరించి, ముందుకి, ఏటవాలుగా తిప్పి పెట్టాను. ఆయన గీసిన బాణమే, ఆ పెన్ను మచ్చతో సహా. డీన్ గారికి పంపించాను. వెంటనే జవాబొచ్చింది: "ఓకే అమ్మా. ఫొటో ఇంకొంచెం పెద్దది చెయ్యి."

మర్నాడు పొద్దున ఫ్లెక్సీ గేటు పక్కన కట్టారు. నేను రోడ్డు అవతల నిలబడి చూస్తున్నాను. లెక్చరర్లు వచ్చారు, ఆగి, దణ్ణం పెట్టి లోపలికి వెళ్ళారు. డీన్ గారు దండ వేశారు. పిల్లలు వరసగా వస్తున్నారు, ఫొటో వైపు చూస్తున్నారు. ఎవరూ బాణాన్ని చూడటం లేదు. పోనీలే అనిపించింది. అంతలోనే ఒళ్ళు మండింది. చూడరేంటి అని.

ఒక అమ్మాయి ఆగింది. రెండు జడలు, బ్యాగు ముందుకి వేసుకుంది. తల ఒక పక్కకి వంచి చూసింది. బ్యాగులోంచి మెటీరియల్ తీసి, పేజీ తిప్పి, మళ్ళీ చూసింది. నేను రోడ్డు దాటి వెళ్ళాను.

"అక్కా, మీరు ఇక్కడ పని చేస్తారా? ఫ్లెక్సీలో బాణం తప్పు పడింది."

"తప్పు కాదు. అదే కరెక్టు."

"మెటీరియల్‌లో ఇటుంది కదా?"

"అది సార్ గంజిలో చూసి గీశారు. తర్వాత నీళ్ళలో చూశారు. నీళ్ళలో ఇటు పోతుంది."

నాకే సరిగ్గా చెప్పినట్టు అనిపించలేదు. ఫోను తీసి వీడియో చూపించాను. ఆ పిల్ల ఫోను లాక్కున్నట్టుగా తీసుకుని మొహానికి దగ్గరగా పెట్టుకుంది. గంజి ఇంకడం, అల మళ్ళడం చూసింది. వెనక్కి జరిపి మళ్ళీ చూసింది. లోపల బెల్లు కొట్టారు. వాచ్‌మన్ కేకేశాడు. ఆ పిల్ల కదల్లేదు.

"భలే ఉందక్కా" అంది. ఆ తర్వాత కనుబొమలు ముడిపడ్డాయి. "మరి గ్రాండ్ టెస్టులో ఏది పెట్టాలి?"

కీ ఇంకా పాతదే. నీళ్ళలో పోయేది పెడితే ఈ పిల్లకి మార్కు పోతుంది. మెటీరియల్‌లోది పెట్టమని చెప్పడానికి నోరు రాలేదు. ఆయన ఫొటో కిందే నిలబడి ఉన్నాను, మైకుతో, నోరు తెరుచుకుని ఉన్న ఆయన. నా చెయ్యి దానంతట అదే లేచి గాలిలో అటూ ఇటూ ఊగింది.

"అంటే ఏంటక్కా?"

"తెలీదమ్మా."

ఆ పిల్ల నన్ను జాలిగా చూసింది. మెటీరియల్‌ని గోడకి ఆనించి, పెన్సిల్ తీసి, అచ్చులో ఉన్న బాణం పక్కనే ఇంకో బాణం గీసింది, ఏటవాలుగా, ముందుకి. పాతదాన్ని కొట్టెయ్యలేదు. పాతదాని పక్కన చిన్నగా 'టెస్టుకి' అని రాసింది. కొత్తదాని పక్కన ఏం రాయాలో కాసేపు ఆలోచించి, ఏమీ రాయకుండా పుస్తకం మూసి లోపలికి పరిగెత్తింది.